బుల్లెట్ కాదు, యెజ్డీ

పాత మోటారుసైకిళ్లలో నీకేది ఇష్టం అని అడిగితే మన దగ్గర జవాబు ముందే తయారై ఉంటుంది. బుల్లెట్. వేరే పేరు చెప్పావంటే వీడికి బండ్ల గురించి ఏం తెలుసులే అన్నట్టు చూస్తారు. సినిమాలో హీరో దానిమీద దిగుతాడు. పెళ్లిలో అల్లుడు దాన్నే అడుగుతాడు. రిటైరైన అధికారి పొద్దున్నే దాన్ని తుడుచుకుంటూ తన వయసు గుర్తుచేసుకుంటాడు. 2021లో ‘బుల్లెట్ బండి’ పాటకి ఒక పెళ్లికూతురు ఆడితే జనం ఫోన్లలో చూసి మురిసిపోయారు. ఆ పెళ్లికూతురి సంతోషం మీద నాకేం కోపం లేదు. నాకు ఒక్కటే అనుమానం. ఈ బండి అందరికీ ఇష్టం అని తేల్చినవాళ్లు ఆ ‘అందరి’లో మా మాదిగపల్లెని కలుపుకునే లెక్కేశారా? మమ్మల్నెవరూ అడిగినట్టు గుర్తులేదు.

అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. నాకు ఇష్టమైన పాత బండి యెజ్డీ. మైసూరులో తయారై, 1996లో ఫ్యాక్టరీ మూతబడి ఆగిపోయిన యెజ్డీ. నేను ప్రకాశం జిల్లాలో పుట్టినవాణ్ణి. ప్రభుత్వ బడిలో సైన్సు చెప్పే పంతుల్ని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మోటారుసైకిళ్ల మీద వ్యాసమేంటి, దళిత సాహిత్యంలో దీనికి చోటేంటి అని ముఖం చిట్లించే విమర్శకులకి ముందుగా ఒక మాట. మీ ఇళ్లలో వెన్నెలా, వీణా, సన్నజాజి పందిరీ సాహిత్యమైనప్పుడు మా ఇంట్లో ఆరె, రెంచీ, కాలిన ఆయిలు వాసన ఎందుకు సాహిత్యం కావు? ఇష్టాలు గాల్లోంచి ఊడిపడవు. ఎవడు ఎక్కడ నిలబడి చూశాడన్నదాన్ని బట్టి వస్తాయి. బండి సీటు మీద కూచుని చూసినవాడి ఇష్టం వేరు. ఆ బండి ఎదురొస్తే రోడ్డు దిగి నిలబడినవాడి ఇష్టం వేరు.

బుల్లెట్ పుట్టుక చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరి కంపెనీ. తుపాకుల విడిభాగాలు చేసిన సంబంధం వల్ల దానికి ఆ ఎన్‌ఫీల్డ్ పేరొచ్చింది. కంపెనీ గుర్తు ఫిరంగి. తుపాకీలాగా తయారైన బండి అని తన ప్రకటనల్లో తనే గొప్పగా రాసుకుంది. మన దేశంలో ఆ బండిని ముందుగా కావాలనుకున్నది సైన్యం, పోలీసు. వాళ్లకోసం ఆర్డర్లు పోయాక 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వెలిసింది. ఇంగ్లండులో మూలకంపెనీ మూతబడినా ఇక్కడ బుల్లెట్ ఆగలేదు. 1994లో ఐషర్ వాళ్ల చేతికి వచ్చి ఇప్పటికీ నడుస్తోంది. ఇందులో నేను కల్పించిందేమీ లేదు. వాళ్లు గర్వంగా చెప్పుకునే చరిత్రే. నేను అడిగేదల్లా ఇంతే. తుపాకీ మడమ వైపు నిలబడ్డవాడికి తుపాకీ అందంగానే ఉంటుంది. గొట్టం వైపు నిలబడ్డవాణ్ణి కూడా ఒకసారి అడగొద్దా?

మా పల్లెలో తెల్లారకముందు బుల్లెట్ చప్పుడు వినపడితే మూడు అర్థాలుండేవి. ఒకటి, కూలికి మనుషులు కావాలి. ఆసామి పల్లె మొగదల చింతచెట్టు కింద బండి నిలిపేవాడు. దిగేవాడు కాదు. ఇంజను ఆపేవాడు కాదు. “పొగాకు గుచ్చటానికి పదిమందిని పంపండిరా” అని ఆ చప్పుడు మీదనుంచే కేకేసేవాడు. వినపడకపోతే తప్పు మాది. రెండో అర్థం, బాకీ. మూడో అర్థం, ఎస్సై. ఊళ్లో ఏ మోటారు పోయినా, ఎవరి కోడి పోయినా ముందు మా పల్లెకే వచ్చేది ఆ చప్పుడు. మగపిల్లలు గోడలు దూకి చేలల్లోకి పోయేవాళ్లు. మూడు అర్థాల్లోనూ మాకు పిలుపే గాని పలకరింపు లేదు. ఇప్పుడు మీరు ఆ ‘డుగ్ డుగ్’ని సంగీతం అంటున్నారు. అనండి. నా చెవికి మాత్రం అది ఆగని ఇంజనుతో దూరంగా నిలబడి కేకేసే గొంతు.

మా తాత ఊరి మధ్యనుంచి పోవాలంటే సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవాడు. మా నాయన దిగలేదు. కాని ఆసామి బుల్లెట్ ఎదురొస్తే సైకిలు పక్కకి తీసి ఒంటికాలు నేలకాన్చి ఆగేవాడు. ఎందుకు నాయనా ఆగటం అంటే, “పెద్దోళ్లు గదరా, మర్యాద” అనేవాడు. నేను డిగ్రీ చదివాక ఆ మర్యాదకి వేరే పేరుందని తెలిసింది. ఇక్కడ ఒక లెక్క గమనించండి. తాత దిగాడు, నాయన ఆగాడు, నేను ఆగకుండా పోతున్నాను. మూడు తరాల ఆత్మగౌరవ చరిత్ర ఒక రోడ్డు మీద ఒక బండి వేగంలో కనపడుతుంది. అందుకే బండి మాకు చిన్న విషయం కాదు.

బండికీ కులానికీ ముడి నేనేమీ కొత్తగా వెయ్యటం లేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ తన అనుభవాల్లో రెండు బండ్ల సంగతి రాశాడు. 1901లో ఆయన చిన్నపిల్లవాడు. అన్నతోనూ ఇంకా పిల్లలతోనూ కలిసి తండ్రి దగ్గరికి పోతూ మసూరు స్టేషన్లో దిగాడు. మహార్ల పిల్లలని తెలియగానే ఎద్దుబండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. రెట్టింపు బాడుగ ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. మైల సీటుకి అంటుతుందట గాని డబ్బుకి అంటదట! రెండోది 1929లో చాలీస్‌గావ్‌లో. అప్పటికాయన విదేశాల్లో చదివొచ్చిన బారిస్టరు. అయినా టాంగావాళ్లు ఎవరూ తోలమన్నారు. అతిథిని నడిపించటం మనకి అవమానం అని అక్కడి మహార్లు టాంగాని మాత్రం అద్దెకి తెచ్చి, తమలో ఒకణ్ణి తోలమన్నారు. అతనికి తోలటం రాదు. వంతెన మీద అదుపు తప్పింది. బాబాసాహెబ్ రాళ్లమీద పడ్డాడు. కాలు విరిగింది.

ఈ రెండో సంగతిని మనం సభల్లో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంటాం. అక్కడే ఆగిపోతాం. నాకు అందులో ఇంకో పాఠం కనపడుతుంది. బండి అద్దెకి దొరికింది. బండి తెలిసిన చెయ్యి దొరకలేదు. తోలే విద్యని ఇంకో కులం తన గుప్పెట్లో పెట్టుకుంది. బండి మీద కూచోవటం ఒక హక్కు. ఆ బండి ఎట్లా నడుస్తుందో, ఎట్లా ఆగుతుందో, ఎందుకు మొరాయిస్తుందో తెలియటం ఇంకో హక్కు. మొదటిది చట్టం ఇస్తుంది. రెండోది చట్టం ఇవ్వలేదు, చేతులే సంపాదించుకోవాలి. యెజ్డీ మీద నా ఇష్టమంతా ఈ రెండో హక్కులో ఉంది.

యెజ్డీకి ఏదో విప్లవ వంశం ఉందని నేను చెప్పబోవటం లేదు. అది కూడా కంపెనీ సరుకే. చెకొస్లొవేకియా జావా బండిని లైసెన్సు మీద ఇక్కడ చెయ్యటానికి ఇరానీ అనే పార్సీ కుటుంబం 1960లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టింది. దాన్ని ప్రారంభించింది మైసూరు మహారాజు, అప్పటి గవర్నరు జయచామరాజ ఒడయారు. 1961 నుంచి బండ్లు బయటికొచ్చాయి. 1973 నుంచి టాంకు మీద జావా పేరు పోయి యెజ్డీ పేరొచ్చింది. ఇరాన్‌లోని యాజ్ద్ పట్టణం పేరు మీద పెట్టుకున్నారంటారు. తర్వాత రోడ్‌కింగ్ లాంటి మోడళ్లొచ్చాయి. 1996లో మూతబడింది. జపాను బండ్ల పోటీ, పొగ నిబంధనలు, కార్మికుల గొడవలు, అన్నీ కారణాలే అంటారు. ఇనుముకి కులం లేదు. దాన్ని ఎవరు ఎక్కారు, ఎవరి మీదికి తోలారు, ఎవరి చేతుల్లో తెరుచుకుంది అన్నదాంట్లోనే కులం ఉంది.

మా మండల కేంద్రంలో యెజ్డీ ఎక్కినవాళ్లు ఎవరనుకున్నారు? కరెంటాఫీసు లైన్‌మన్లు, మందుల కంపెనీ రిప్రజెంటేటివులు, వెనక మూటకట్టుకుని ఊరూరా చీరెలమ్మేవాళ్లు, కాలేజీ లెక్చరర్లు. పని మీద తిరిగేవాళ్ల బండి అది. మా పల్లెలో మొదటి మోటారుసైకిలు కూడా యెజ్డీయే. ఆర్టీసీ డిపోలో హెల్పరుగా చేరిన మా మేనమామ వరస ఆయన సెకండ్ హ్యాండులో కొన్నాడు. 2005లో 108 అంబులెన్సులు రాకముందు మా పల్లెకి అదే అంబులెన్సు. మా అమ్మకి చెల్లెలి కాన్పు నొప్పులొచ్చినప్పుడు మామయ్య తోలాడు, మధ్యలో అమ్మ, వెనక మా నాయనమ్మ పట్టుకుని కూచుంది. పాముకాటోళ్లని, పురుగుమందు తాగినోళ్లని, జ్వరం తలకెక్కిన పిల్లల్ని మోసింది ఆ సీటే. చెకొస్లొవేకియాలో దాన్ని గీసిన ఇంజనీరు ఇవేవీ ఊహించి ఉండడు.

ఆ బండి మీద మామయ్య ఊరి మధ్యనుంచి పోయిన మొదటి వారమే రచ్చబండ మీదనుంచి ఒక పెద్దమనిషి ఆపాడు. “ఏరా, చప్పుడెక్కువైందే” అన్నాడు. “చప్పుడు బండిదండీ, నాది కాదు” అన్నాడు మామయ్య. ఊళ్లో బుల్లెట్లు నాలుగుండేవి. వాటి చప్పుడు ఎవరికీ ఎక్కువ కాలేదు. రెండు సైలెన్సర్ల యెజ్డీ చప్పుడు మాత్రం ఎక్కువైంది. ఆ వారమంతా మా పల్లెకి కూలిపిలుపు రాలేదు. పొయ్యి వెలగని ఇళ్ల ఆడవాళ్లు మామయ్య ఇంటికొచ్చి తిట్టిపోశారు. కాని బండి అమ్మెయ్యమని ఒక్కరూ అనలేదు. ఆ తిట్లనీ, అనని ఆ మాటనీ కలిపి చదవటం వచ్చినవాడికే మా పల్లె అర్థమవుతుంది.

ఇక చేతుల సంగతి. మా పెదనాయన చెప్పులు కుట్టేవాడు. ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఆ పని పోయాక మండల కేంద్రంలో ఒక సాయిబు మెకానిక్కు షెడ్డు పక్కన గోతం పరుచుకుని బండ్ల సీట్లు కుట్టటం మొదలుపెట్టాడు. తోలు కోసిన రంపెతోనే రెక్సిన్ కోశాడు. చెప్పు కుట్టిన ఆరెతోనే సీటు కుట్టాడు. సెలవుల్లో నేను ఆయన పక్కన కూచుని దారానికి మైనం పట్టేవాణ్ణి. బుల్లెట్ వస్తే దాని యజమాని పక్కనే నిలబడి జాగ్రత్తలు చెప్తూ ఉండేవాడు. మెకానిక్కు భాయి కూడా దాన్ని పెద్దమనిషి ఇంట్లోకి పోయినట్టు భయంగా తెరిచేవాడు. యెజ్డీ వస్తే మాత్రం, “రా అబ్బాయ్, నువ్వూ చూడు” అని నన్ను పిలిచేవాడు.

యెజ్డీ ఇంజను చూపించటానికి పనికొచ్చే ఇంజను. అందులో వాల్వులు లేవు, క్యామ్ లేదు. సిలిండరు గోడకి కన్నాలుంటాయి. పిస్టన్ కిందికి దిగితే ఆ కన్నాలు తెరుచుకుని కాలిన పొగ బయటికి పోతుంది, పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది. పైకెక్కితే కన్నాలు మూసుకుంటాయి, గాలి నలుగుతుంది, ప్లగ్గు నిప్పు కొడుతుంది. అంతే. ఆయిలు వేరే పొయ్యక్కర్లేదు, పెట్రోల్లోనే కలిపేది. సిలిండరు ఒకటే గాని సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డూ కిక్కు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు, ముందుకి పోతే గేరు. పదేళ్లవాడికి గంటలో అర్థమయ్యే యంత్రం. నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక గరుకు కాయితం ఉంటే చెట్టుకిందే బాగుచెయ్యొచ్చు. పాత బుల్లెట్‌ని స్టార్టు చెయ్యాలంటేనే ఒక తతంగం. ఆంపియరు ముల్లు చూడాలి, డీకంప్రెషన్ లివరు నొక్కాలి, పిస్టన్‌ని సరైన చోటికి తెచ్చుకుని తన్నాలి. మంత్రం తప్పితే ఎదురు తంతుంది. ఆ తతంగాన్నే వాళ్లు మగతనం అంటారు. నాకు అందులో పూజారితనం కనపడింది.

రాజ్‌దూత్ ఎందుకు కాదు అని తమ్ముళ్లడుగుతారు. రాజ్‌దూత్ మీద నాకు గౌరవముంది. పోలండ్ డిజైను మీద ఎస్కార్ట్స్ చేసిన 175 సీసీ బండి, పాలవాళ్లది, కష్టజీవులది. 1973లో ‘బాబీ’ సినిమాలో వచ్చిన బుల్లి రాజ్‌దూత్ సంగతి వేరు, నేను చెప్పేది పాల క్యాన్లు మోసినదాని గురించి. ఎవరన్నా నాకు రాజ్‌దూతే ఇష్టం అంటే నేను కొట్లాడను. మా షెడ్డుకి అది తక్కువ వచ్చేది, నా చేతులకి దాని పరిచయం తక్కువ, అంతే. యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా మంచి ఇంజనే. కాని దానికిప్పుడు అడిగే ధరలు వింటే కొత్తబండే నయమనిపిస్తుంది. ఆ మోజు నగరాల్లో కుర్రాళ్లది.

ఆర్‌ఎక్స్ 100 అనగానే ఒక సంవత్సరం చెప్పాలి. మోటారుసైకిళ్ల ప్రేమికులకి 1985 గొప్ప సంవత్సరం. హీరో హోండా సీడీ 100 ఆ ఏడాదే వచ్చింది, ఆర్‌ఎక్స్ 100 ఆ ఏడాదే వచ్చింది. మా జిల్లాలో 1985 అంటే జులై 17. కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవకి ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపిన రోజు. దేశమంతా కొత్త బండ్ల వేగం గురించి మాట్లాడుకుంటున్న ఏడాది మావాళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని చీరాలకి పరుగెత్తారు. మీ జ్ఞాపకాల్లో 1985కి పెట్రోలు వాసనుంటుంది. మా జ్ఞాపకాల్లో అదే ఏడాదికి ఏ వాసనుందో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పాతకాలం మధురం అనేవాళ్లు ఎవరి పాతకాలమో కూడా చెప్పాలి.

అసలీ ‘వింటేజి’ అనే మాట చూడండి. పాత వస్తువు దాచుకోవాలంటే ముందు ఒక ఇల్లుండాలి. ఇంటికి ఒక కొట్టుగది ఉండాలి. అది కొన్న తాత ఒకడుండాలి. మా తాతలు మాకు దాచిపెట్టినవి ఆరె, రంపె, గూటం, లందగోలెం. వాటిని ఎవరూ వింటేజి అనరు, ఏ ర్యాలీలోనూ ఊరేగించరు. 2021లో కేంద్రప్రభుత్వం వింటేజి బండ్లకి నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి ఉండాలి. రూపు మారకుండా ఉండాలి. రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, మళ్లీ రెన్యువలుకి 5,000. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అనే గుర్తు. ప్రదర్శనకీ, ర్యాలీకీ తియ్యొచ్చు గాని మామూలు పనులకి రోడ్డు మీద తిప్పకూడదు. అంటే వాడకూడనిదే వింటేజి. పనిచెయ్యకుండా కూచుంటేనే గౌరవం. ఈ సూత్రం ఈ దేశంలో బండ్లకంటే ముందు మనుషులకి పెట్టిందే గదా!

2018లో జావా పేరునీ, 2022లో యెజ్డీ పేరునీ ఇంకో కంపెనీ మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. సంతోషమే. కాని అది పేరు. లోపలున్నది నాలుగు స్ట్రోకుల కొత్త ఇంజను, కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్ముతుంది. చెట్టుకింద తెరిచే బండి కాదు. కాలం మారింది, తప్పు పట్టను. పాత యెజ్డీ పొగ చిమ్ముతుంది, పెట్రోలు తాగుతుంది, ఆ లోపాలు నాకూ తెలుసు. పిల్లలకి పర్యావరణం పాఠం చెప్పేవాణ్ణి, రోజూ బడికి దానిమీద పోను. ఇష్టం కళ్లు మూసుకుని ఉండక్కర్లేదు.

నా యెజ్డీ 1980ల నాటిది. చట్టం ప్రకారం వింటేజి కాదు. డీఎస్సీ-2014లో ఉద్యోగమొచ్చాక, జీతంలో మిగిల్చిన డబ్బుతో ఒక రిటైర్డు లెక్చరరు వసారాలో తుప్పు పట్టి ఉన్నదాన్ని కొన్నాను. ఇంజను నేనే విప్పాను. సీటు మా పెదనాయన కుట్టాడు. అప్పటికే ఆయన చూపు మసక. కుట్టు కుట్టుకీ బొటనవేలితో తడిమి చూసుకుంటూ మూడు రోజులు కుట్టాడు. ఆయన కుట్టిన ఆఖరి సీటు అదే.

ఒకరోజు ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ బండిని బడి ఆవరణలో తెరిచి చూపించాను. పుస్తకంలో బొమ్మగా ఉన్న పిస్టన్‌ని ఆడపిల్లలు, మగపిల్లలు చేతుల్లోకి తీసుకుని చూశారు. నా చేతులకి మసి ఉంది. ఒక సీనియరు ఉపాధ్యాయుడు అటుగా పోతూ నవ్వాడు. “ఏం మాస్టారూ, గవర్నమెంటు జీతమొచ్చినా చేతులు కులవృత్తిని వదల్లేదే” అన్నాడు. స్టాఫ్‌రూంలో ఇంకో ఇద్దరు నవ్వారు. నెల తిరక్కముందే అదే పెద్దమనిషి తన ఫోనులో ఫొటోలు చూపించాడు. నగరంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కొడుకు పాత బుల్లెట్ విప్పి బాగుచేస్తున్నాడు. వాడి చేతులకీ మసే. “రెస్టోరేషన్ అండీ, హాబీ, ఎంత ఓపికో చూడండి” అన్నాడు. నేను ఫొటోలు చూశాను. వాడు పట్టుకున్న స్పానరు, నేను పట్టుకున్న స్పానరు ఒకటే. ఆ మాటే అందరి ముందూ అన్నాను. మీ అబ్బాయి చేస్తే హాబీ, నేను చేస్తే కులవృత్తి, ఈ తేడా స్పానరు మీద ఎక్కడ రాసుంది చూపించండి అన్నాను. స్టాఫ్‌రూంలో ఈసారి ఎవరూ నవ్వలేదు.

నా గొడవంతా ఇదే. చేతిపనిని మా నెత్తిన మైలగా రుద్దినవాళ్లు, అదే చేతిపనిని తీరిక వేళ కళగా మార్చుకుని మళ్లీ మాకే అమ్ముతున్నారు. ర్యాలీల్లో మెరిసే పాత బండ్లన్నిటి వెనకా ఎవరున్నారు? టాంకు సొట్టలు తీసిన టింకరు, క్రోము పూసినవాడు, సీటు కుట్టిన మాదిగ, కార్బ్యురేటరు కడిగిన సాయిబు. బండి యజమాని పేరు బోర్డు మీద ఉంటుంది, వీళ్ల పేర్లుండవు.

ఇక మనవాళ్ల నుంచి వచ్చే మాట. “అన్నా, మన కుర్రాళ్లు బుల్లెట్ కొంటున్నది ధిక్కారంతోనే గదా. వాడి బండి మీదే వాడి వీధిలో పోవటం గొప్ప గదా. నువ్వేంటి వద్దంటావు?” నేను వద్దనటం లేదు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత విద్యార్థి చేతులు నరికారు. బుల్లెట్ ఎక్కి తిరుగుతున్నాడన్న కక్షతోనే నరికారని అతని కుటుంబం చెప్పింది. అలాంటి ఏ కుర్రాడికైనా బుల్లెట్ ఎక్కే హక్కు కోసం నేను రోడ్డు మీదికొస్తాను, కోర్టుకైనా వస్తాను. హక్కు దగ్గర రాజీ లేదు. కాని హక్కు వేరు, ఇష్టం వేరు. ఆసామి కుర్చీలో కూచునే హక్కు నాకుంది. ఆ కుర్చీయే ప్రపంచంలో అందమైన కుర్చీ అని నేను ఒప్పుకోవాల్సిన పనిలేదు. అతని బండి, అతని మీసం, అతని గొంతు అరువు తెచ్చుకుని అతని వీధిలో తిరిగితే ఆ వీధి అతనిదేనని ఒప్పుకున్నట్టవుతుంది. మన మేనమామలు సెకండ్ హ్యాండు బండ్ల మీద ఆ దారిని ఎప్పుడో తెరిచారు. ఆ బండి ఏదో, దాన్ని ఎవరు నడిపారో, ఎవరు కుట్టారో, ఆ వారం ఎన్ని ఇళ్లు పస్తున్నాయో కనుక్కుని రాసిపెట్టండి. ప్రతి పల్లెలో అలాంటి మొదటి బండి ఒకటుంటుంది. దాని చరిత్ర ఏ కంపెనీ రాయదు.

విద్యార్థులకి ఒక్కమాట. మీకిష్టమైన బండి కొనుక్కోండి, నా మాట విని యెజ్డీయే కొననక్కర్లేదు. కాని కొన్నదాన్ని ఒక్కసారైనా మీ చేతులతో విప్పండి. మసి అంటితే కడుక్కోవచ్చు. తెలియనితనం మాత్రం చాలీస్‌గావ్ వంతెన దాకా తీసుకుపోతుంది.

మా ఎనిమిదో తరగతి పిల్లలు ఇప్పుడు అడుగుతున్నారు, “సార్, బుల్లెట్ ఇంజను ఎప్పుడు విప్పుదాం?” అని. వాల్వులూ పుష్‌రాడ్లూ ఉంటాయి, కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. అందులో దేవుడెవరూ కూచోలేదు. వచ్చే నెల్లో విప్పుదామని చెప్పాను.